తొలి మూడు మీటర్లలోనే పుంజం భవితవ్యం

ట్రాంబే త్వరణ యంత్రం పరీక్షలపై ఆధారపడిన అచ్యుతాపురం ఆశలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి: నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసే రైతుకు కొత్తగా చెప్పనక్కరలేని సంగతి ఒకటుంది. తూము దగ్గర వదిలిన నీటి లెక్క వేరు, చివరి ఆయకట్టు మడిలోకి చేరిన నీటి లెక్క వేరు. గండ్లు, పూడిక, విరిగిన షట్టర్లు మధ్యలో ఎంత మింగాయో ఆ రెండు లెక్కల తేడాలో తెలిసిపోతుంది. దేశ అణు ఇంధన భవిష్యత్తుతో ముడిపడిన ఒక భారీ ప్రయత్నానికి కూడా ఇప్పుడు ఇదే లెక్క కీలకంగా మారింది. అక్కడ పారేది ప్రోటాన్ల పుంజం. తూము స్థానంలో ఉన్నది అయాన్ సోర్స్ అని పిలిచే చిన్న పరికరం. పుంజం అందులో పుట్టి అసలు యంత్రంలోకి ప్రవేశించే తొలి రెండు మూడు మీటర్ల దారిలోనే మొత్తం పథకం నిలుస్తుందా, నీరుగారుతుందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఈ పని ముంబయిలోని ట్రాంబేలో, భాభా అణు పరిశోధన కేంద్రంలో సాగుతోంది. బతుకుదెరువు కోసం కామారెడ్డి స్టేషన్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయి చేరిన కుటుంబాలు ఈ జిల్లాలో తక్కువేమీ కాదు. అదే నగరం అంచున ఉన్న ఈ కేంద్రంలో ‘లెహిపా’ అనే సంక్షిప్త నామంతో ఒక కణత్వరణ యంత్రాన్ని నిర్మించారు. తక్కువ శక్తి, ఎక్కువ తీవ్రత గల ప్రోటాన్ల త్వరణ యంత్రం అని దాని పూర్తి పేరుకు అర్థం. 2023లో ఇది తన రూపకల్పన లక్ష్యమైన 20 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి ప్రోటాన్లను చేర్చింది. ఆ అంకెకు తగినంత ప్రచారమే లభించింది. అయితే యంత్రం పేరులోనే ఉన్న ‘ఎక్కువ తీవ్రత’ అన్న మాట మీద జరగవలసిన చర్చ మాత్రం జరగలేదు.

థోరియం కోసమే ఇంత ప్రయాస

కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తును లక్ష్యంగా ప్రకటించింది. చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20 వేల కోట్ల రూపాయల పథకాన్నీ జోడించింది. ఆనాటికి దేశంలో ఉన్న అణు విద్యుత్ సామర్థ్యం 9 వేల మెగావాట్ల లోపే. మన దగ్గర యురేనియం కొద్ది, థోరియం మెండు. ఆ థోరియం లభించే మోనజైట్ ఇసుకలో పెద్ద వాటా శ్రీకాకుళం, భీమునిపట్నం మొదలుకొని ఆంధ్రప్రదేశ్ తీరం వెంబడి ఉంది. చిక్కేమిటంటే థోరియం తనంతట తాను మండే ఇంధనం కాదు. బయటి నుంచి న్యూట్రాన్లు తగిలితేనే అది మండగల యురేనియం-233గా మారుతుంది.

ఆ న్యూట్రాన్లను అందించే మార్గాల్లో త్వరణ యంత్రం ఒకటి. సుమారు 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాన్ సీసం వంటి బరువైన లోహాన్ని ఢీకొంటే ఒక్క దెబ్బకు పాతిక దాకా న్యూట్రాన్లు ఎగిరి వస్తాయి. వాటిని రియాక్టర్ గర్భంలోకి మళ్లిస్తే, తనంతట తాను కొనసాగలేని ఇంధన కూర్పు కూడా శక్తినిస్తుంది. పుంజాన్ని ఆపిన మరుక్షణం అణు విచ్ఛేదన గొలుసు చల్లబడిపోతుంది. నోబెల్ గ్రహీత కార్లో రుబ్బియా 1993లో ఈ ఆలోచనకు విస్తృత ప్రచారం తెచ్చారు. భారత అణుశక్తి శాఖ దీనిని చాలాకాలంగా తన ప్రణాళికల్లో ఉంచుకుంది. విశాఖపట్నం సమీపంలోని అచ్యుతాపురం వద్ద భాభా కేంద్రం కొత్త ప్రాంగణం రూపుదిద్దుకుంటోంది. అంత పెద్ద యంత్రం వస్తే అక్కడికే వస్తుందన్నది ఆ ప్రణాళికల సారాంశం. ట్రాంబేలోనిది దానికి తల భాగం వంటిది.

అటువంటి యంత్రానికి కనీసం 10 మిల్లీ ఆంపియర్ల పుంజం కావాలి. ఇంటి గోడకున్న చిన్న బల్బు ఇంతకంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది కదా అనిపించవచ్చు. కానీ ఆ 10 మిల్లీ ఆంపియర్లంటే సెకనుకు 6 పక్కన 16 సున్నాలు చేర్చినన్ని ప్రోటాన్లు. వాటిని 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరిస్తే పుంజం మోసే శక్తి 10 మెగావాట్లు అవుతుంది. దారి పొడవునా మీటరుకు ఒక్క వాట్ మించి పుంజం గోడలకు ఒలకరాదన్నది ప్రపంచవ్యాప్తంగా పాటించే నియమం. మించితే గోడలే రేడియోధార్మికంగా మారి మరమ్మతుకు మనిషి దగ్గరకు వెళ్లలేడు. 10 మెగావాట్లలో ఒక వాట్ అంటే కోటిలో ఒక వంతు. మన కాలువల్లో ఇంకిపోయే నీటితో పోల్చి చూస్తే ఈ నియమం ఎంత కఠినమో బోధపడుతుంది.

పుట్టుక దగ్గరి కిటుకు

ట్రాంబే యంత్రంలోని అయాన్ సోర్స్ ఒక చిన్న లోహపు గది. అందులోకి హైడ్రోజన్ వాయువును సన్నగా వదులుతారు. 245 కోట్ల హెర్ట్జ్‌ల మైక్రోవేవ్ తరంగాలను పంపుతారు. వంటింట్లో అన్నం వేడిచేసే మైక్రోవేవ్ పొయ్యిలో ఉన్నదీ ఇదే తరంగం. గది చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని 875 గాస్‌లకు సరిచేస్తే అందులోని ఎలక్ట్రాన్లు తిరిగే వేగం, తరంగం ఊగే వేగం ఒక్కటవుతాయి. ఉయ్యాలను సరైన సమయంలో తోసినట్టు ఎలక్ట్రాన్లు శక్తిని పుంజుకుంటాయి. అవి హైడ్రోజన్‌ను చితక్కొట్టి ప్లాస్మాగా మారుస్తాయి. దానికి 50 వేల వోల్టుల ఒత్తిడి తగిలించి ఒక రంధ్రం గుండా ప్రోటాన్లను బయటకు లాగుతారు.

వేడి తీగ ఏదీ లేకపోవడం ఈ పద్ధతిలోని గొప్పతనం. పాత సోర్సుల్లో తీగ కాలిపోయి తరచూ మార్చవలసి వచ్చేది. దీనిలో కాలిపోయే భాగం లేనందున వారాల తరబడి నడిచే వీలుంది. అందుకే పెద్ద ధార కావలసిన చోటల్లా ఈ రకానికే మొగ్గు చూపుతున్నారు.

అయితే గదిలోంచి వచ్చేవన్నీ ప్రోటాన్లు కావు. రెండేసి, మూడేసి హైడ్రోజన్ కేంద్రకాలు అతుక్కున్న అయాన్లూ కలిసి వస్తాయి. వరి ధాన్యంలో తాలు లాంటివి అవి. మీటరు మీద మాత్రం ఆ కరెంటూ కలిసే కనిపిస్తుంది. అసలు ప్రోటాన్ల వాటా 80, 90 శాతానికి చేరిందా లేదా అన్నది విడిగా కొలవాలి. ‘ఇన్ని మిల్లీ ఆంపియర్లు సాధించాం’ అన్న ప్రకటన వెలువడినప్పుడు అందులో గింజ ఎంత, తాలు ఎంత అని అడగడం తప్పు కాదు.

తమలో తామే తోసుకునే కణాలు

కాలువతో పోలిక ఇక్కడ చెల్లదు. నీటిచుక్కలు ఒకదానినొకటి తోసుకోవు. ప్రోటాన్లన్నీ ధనావేశం గలవే కనుక ఒకదానినొకటి నెట్టుకుంటాయి. వేగం బాగా పెరిగాక ఈ తోపులాట ప్రభావం తగ్గిపోతుంది. 50 వేల వోల్టుల దగ్గర ప్రోటాన్ వేగం సెకనుకు సుమారు 3,100 కిలోమీటర్లు. ఇది కాంతి వేగంలో నూరో వంతు మాత్రమే. మన లెక్కకు అది మహా వేగమే అయినా, పుంజానికి నిదానపు నడకే. కనుక తోపులాట అతి తీవ్రంగా ఉండేది ఈ తొలి మీటర్లలోనే. సన్నగా బయల్దేరిన పుంజం చూస్తుండగానే గొడుగులా విచ్చుకుపోతుంది. ధార ఎంత పెంచితే అంతగా విచ్చుకుంటుంది. చిన్న ధార కోసం తయారైన అమరికను అలాగే ఉంచి ధారను మాత్రం పెంచడం సాధ్యపడకపోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడుగా సోలెనాయిడ్లు అనే తీగచుట్టల అయస్కాంతాలను దారిలో పెట్టి, విచ్చుకునే పుంజాన్ని మళ్లీ దగ్గరకు లాగుతారు. ఇంతకంటే విచిత్రమైన సహాయం మరొకటి అందుతుంది. గొట్టంలో మిగిలిన కాస్తపాటి వాయువును పుంజమే ఢీకొట్టి ఎలక్ట్రాన్లను విడగొడుతుంది. రుణావేశం గల ఆ ఎలక్ట్రాన్లు పుంజంలోనే చిక్కుకుని ప్రోటాన్ల తోపులాటను చల్లార్చుతాయి. అంటే శూన్యం మరీ శుభ్రంగా ఉన్నా చిక్కే. వాయువు ఎక్కువైతే ప్రోటాన్లు దారిలోనే తటస్థ పరమాణువులుగా మారి పోతాయి. వాయువు తక్కువైతే పుంజం చెదిరిపోతుంది. ఎంత ఉంచాలన్నది ఏ పుస్తకమూ కచ్చితంగా చెప్పదు. యంత్రం దగ్గర కూర్చుని, వాల్వును వెంట్రుకవాసి తిప్పుతూ, కొలుస్తూ తేల్చుకోవలసిందే.

ఈ ఎలక్ట్రాన్ల తోడు కుదురుకోవడానికి కొంత వ్యవధి కావాలి. అది సెకనులో లక్షల వంతుల లెక్కే అయినా, పుంజాన్ని తునకలు తునకలుగా పంపే పరీక్షల్లో ప్రతి తునక మొదటి కొస అస్తవ్యస్తంగానే ఉంటుంది. తునకలుగా నడిపినప్పుడు వచ్చిన ఫలితం, తెగకుండా నడిపినప్పుడు వచ్చే ఫలితం ఒక్కటి కావు.

ద్వారం దగ్గర పరీక్ష

ఈ దారి చివర ఆర్.ఎఫ్.క్యు. అనే యంత్రం ఉంటుంది. సోవియట్ శాస్త్రజ్ఞులు కప్చిన్‌స్కీ, తెప్లియకోవ్ 1970లో ప్రతిపాదించిన అమరిక ఇది. నాలుగు రాగి రెక్కల అంచులను అలలు అలలుగా చెక్కి ఎదురెదురుగా నిలుపుతారు. రేడియో తరంగాలు వాటి మధ్య పుంజాన్ని నొక్కిపడుతూ, గుత్తులుగా కడుతూ, ముందుకు నెడతాయి. ట్రాంబేలో నాలుగు మీటర్ల పొడవున్న ఈ యంత్రం ప్రోటాన్లను 30 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుస్తుంది. ఆ తర్వాత మరో భాగం వాటిని 2 కోట్లకు పెంచుతుంది.

ఆర్.ఎఫ్.క్యు. ముఖద్వారం కొద్ది మిల్లీమీటర్ల సందు మాత్రమే. పుంజం సరైన మందంతో, సరైన కోణంలో, కుంచించుకుపోతూ అందులోకి దూరాలి. మందం సరిపోయి కోణం తప్పినా కొంతదూరం పోయాక రెక్కలను తాకుతుంది. తాకిన చోట రాగి కరుకుబారి నిప్పురవ్వలు లేస్తాయి. ఒక్కో నిప్పురవ్వకు యంత్రం ఆగుతుంది. పైగా తెగకుండా నడిపితే ఆ రాగి గదిలోకి వందల కిలోవాట్ల రేడియో శక్తి పోయాలి. వేడికి రాగి కాస్త వ్యాకోచించినా తరంగంతో దాని శ్రుతి తప్పుతుంది. చల్లార్చే నీటి ఉష్ణోగ్రతను సరిచూసుకుంటూ శ్రుతి కలుపుతుండాలి.

అయాన్ సోర్స్ పరీక్ష అంటే కరెంటు ఎంత వచ్చిందో చూడటమొక్కటే కాదన్నది దీనివల్ల స్పష్టమవుతుంది. పుంజాన్ని ఫారడే గిన్నెలో పట్టి మొత్తం కొలుస్తారు. సన్నని చీలిక వెనుక తీగను జరుపుతూ ఏ బిందువు వద్ద కణాలు ఏ కోణంలో పోతున్నాయో పటం గీస్తారు. పుంజం తాకి వెలిగించిన వాయువు రంగును బట్టి ప్రోటాన్ల వాటా లెక్కిస్తారు. అన్నింటికంటే విసుగు పుట్టించేది, అన్నింటికంటే విలువైనది చివరి పరీక్ష. గంటలకు గంటలు, రోజులకు రోజులు వదిలిపెట్టి ఎన్నిసార్లు ఆగిందో రాసుకోవడమే అది. పత్రికలకెక్కే అంకె ఇందులో ఏదీ ఉండదు.

మరో విషయం. 50 వేల వోల్టుల ప్రోటాన్లు రాగి గోడకు తగిలినా దానిని రేడియోధార్మికం చేయలేవు. అధిక వోల్టేజీ ప్రమాదం ఎలాగూ ఉంటుంది. దానిని తప్పిస్తే, సాయంత్రం యంత్రం ఆపి మరునాడు మూత విప్పి చేతితో బాగుచేసుకునే స్వేచ్ఛ ఇక్కడ ఉంది. ముందుకు పోయేకొద్దీ ఆ స్వేచ్ఛ తగ్గిపోతుంది. తప్పులు చౌకగా దిద్దుకోగల చోటు ఇదొక్కటే అయినప్పుడు, ఇక్కడ గడిపే ఏళ్లను జాప్యంగా లెక్కకట్టడం సమంజసం కాదు.

విదేశాల అనుభవం ఏమంటోంది?

అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాల 1999లోనే 100 మిల్లీ ఆంపియర్ల ప్రోటాన్ పుంజాన్ని తెగకుండా 67 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చింది. అంటే ట్రాంబే లక్ష్యానికి పది రెట్ల ధార. అయితే ఏ అవసరం కోసం దానిని కట్టారో ఆ అవసరానికి ప్రభుత్వం వేరే దారి ఎంచుకుంది. కొద్ది కాలానికే ఆ యంత్రం మూతపడింది. సాంకేతికంగా గెలిచి కూడా నిధుల దగ్గర ఓడిన ఉదాహరణ ఇది. మన విధాన నిర్ణేతలు దీనిని మరువరాదు.

జపాన్‌లోని రొక్కషోలో యూరప్ దేశాల భాగస్వామ్యంతో నిర్మించిన యంత్రం 125 మిల్లీ ఆంపియర్ల డ్యుటేరాన్ పుంజాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. అక్కడివారు మొదట 2018లో ప్రోటాన్లతో జాగ్రత్తగా ఆరంభించారు. 2019 జులైలో పూర్తి ధారను చిన్న తునకలుగా ఆర్.ఎఫ్.క్యు. దాటించగలిగారు. అంత అనుభవం గలవారికీ తునకల నుంచి తెగని ధారకు చేరే దారి ఏళ్ల శ్రమగానే మారింది. అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాల తన కొత్త యంత్రం ‘పిప్-2’ కట్టడానికి ముందు సోర్సు, ప్రవేశ భాగం, తొలి త్వరణ దశలను మాత్రమే విడిగా నిర్మించి ఏళ్ల తరబడి పరీక్షించింది. 2021లో ఆ పరీక్షలు ముగించాకే అసలు యంత్రంపై ముందుకు సాగింది.

వలయాకార యంత్రాలది మరో తీరు. ఇప్పటికే పుంజం తిరుగుతున్న వలయంలోకి అదే ఆవేశం గల కొత్త పుంజాన్ని దూర్చబోతే పాతది పక్కకు పోతుంది. అందుకని హైడ్రోజన్‌కు అదనపు ఎలక్ట్రాన్ తగిలించి రుణ అయాన్‌గా పంపుతారు. వలయం ముఖద్వారం వద్ద పలుచని రేకు గుండా పోనిచ్చి ఎలక్ట్రాన్లను ఒలిచేస్తారు. అలా పాత ప్రోటాన్ల మీదనే కొత్తవి పేరుకుంటాయి. ఐరోపాలోని సెర్న్ 2020 నుంచి ఈ పద్ధతికి మారింది. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రమూ భావి న్యూట్రాన్ కేంద్రం కోసం రుణ అయాన్ సోర్సులపై కృషి చేస్తోంది.

జిల్లాకు దీనితో ఏమి పని?

ఈ రంగంలో తెలుగు నేల పాత్ర లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, సన్యసించి, ఆపై ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో అణుభౌతిక శాస్త్రం అభ్యసించిన స్వామి జ్ఞానానంద 1947లో అధిక శూన్యంపై ప్రామాణిక గ్రంథం వెలువరించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక ప్రయోగశాలకు పునాది వేసినదీ ఆయనే. గొట్టంలో ఎంత వాయువు మిగలాలన్న పైన చెప్పిన తర్జనభర్జన సరిగ్గా ఆయన శాస్త్రానికి చెందినదే. ఫెర్మీ ప్రయోగశాలకు భాభా కేంద్రం రూపొందించి ఇచ్చిన రేడియో తరంగ యాంప్లిఫయర్లు హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కామారెడ్డి నుంచి రెండు మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలోనే ఈ పని జరిగింది.

భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి డిగ్రీ కళాశాలల నుంచి ఏటా సైన్సు పట్టభద్రులు వెలువడుతున్నారు. అయాన్ సోర్స్ పరీక్షలకు కావలసినది సిద్ధాంత పాండిత్యం ఒక్కటే కాదు. శూన్య పంపులు, అధిక వోల్టేజీ, నీటి శీతలీకరణ, కొలమానాలు, లోహపు అతుకులు తెలిసిన చేతులు అంతకంటే ఎక్కువ కావాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారికీ ఇందులో చోటుంది. చదువు ముగియగానే గల్ఫ్ వీసా కోసం చూసే యువకుడికి అచ్యుతాపురం కూడా ఒక గమ్యంగా కనిపించాలంటే, ఆ సంగతి కళాశాలల్లో ఎవరైనా చెప్పాలి. ప్రస్తుతానికి అటువంటి ప్రయత్నం కానరావడం లేదు.

వైద్యం కోణమూ ఉంది. జపాన్ 2020లో బోరాన్ ఆధారిత న్యూట్రాన్ చికిత్సకు ఆమోదం తెలిపింది. ఒక మిల్లీ ఆంపియర్ ప్రోటాన్ పుంజాన్నిచ్చే యంత్రంతో న్యూట్రాన్లు పుట్టించి తల, మెడ క్యాన్సర్లకు చికిత్స చేస్తారు. అంత ధార నిలకడగా ఇవ్వగల యంత్రం ఉండటమే దానికి ఆధారం. కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయినా క్యాన్సర్ రోగులు కిరణ చికిత్సకు హైదరాబాదు బాట పట్టక తప్పడం లేదు. అక్కడ వాడేవి ఎలక్ట్రాన్లతో నడిచే మామూలు యంత్రాలు. వాటితో దీనిని కలపరాదు. రేపే ఇక్కడికి న్యూట్రాన్ చికిత్స వస్తుందని ఆశపెట్టడమూ సరికాదు.

అడగవలసిన అంకెలు

ట్రాంబే సాధించిన 2 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులను చిన్నచూపు చూడనక్కరలేదు. రాగి రెక్కలు చెక్కడం మొదలు రేడియో శక్తి వరకు దేశంలోనే కూడగట్టుకుని అక్కడికి చేరడం అల్పమైన పని కాదు. తొలి పరీక్షలు తక్కువ ధారతో, తునకలుగా సాగాయి. ఈ తరహా యంత్రాలన్నింటి ఆరంభమూ అలాగే ఉంటుంది. ఇక మీదట ప్రజలకు చెప్పవలసిన అంకెలు వేరు. 10 మిల్లీ ఆంపియర్లు చేరాయా? అందులో ఎంత భాగం ఆర్.ఎఫ్.క్యు. దాటింది? ఎన్ని గంటలు తెగకుండా నడిచింది? మధ్యలో ఎన్నిసార్లు ఆగింది?

చివరి ప్రశ్నకు కారణం ఉంది. పుంజం హఠాత్తుగా ఆగితే రియాక్టర్‌లోని ఇంధనం, లోహాలు ఒక్కసారి చల్లబడి, మళ్లీ వేడెక్కి, పదే పదే అలా జరిగితే పగుళ్లిస్తాయి. బెల్జియంలో ఇటువంటి రియాక్టర్‌నే తలపెట్టిన ‘మిర్రా’ పథకం మూడు నెలల కాలంలో 3 సెకన్లు మించిన అంతరాయాలు పదికి లోపే ఉండాలని షరతు విధించుకుంది. రైతుకు గంట కరెంటు పోతే మోటారు ఆగుతుంది, వచ్చాక తిరుగుతుంది. ఇక్కడ మూడు సెకన్లే హద్దు. ఒక్క సోర్సును నమ్ముకుంటే ఈ షరతు నెగ్గడం కష్టమని భావించి, ఆ పథకం రూపకర్తలు ప్రవేశ భాగాన్ని రెండుగా ప్రతిపాదించారు. ఒకటి నడుస్తుంటే రెండోది వేడిగా, సిద్ధంగా నిలిచి ఉంటుంది. అచ్యుతాపురంలో ఒకటి కట్టాలా, రెండు కట్టాలా అన్నది వ్యయాన్ని ఎంతగానో మార్చే నిర్ణయం. ట్రాంబేలో సోర్సు ఎన్ని రోజులకు ఒకసారి ఆగుతోందన్న రికార్డు చేతిలో ఉంటేనే ఆ నిర్ణయం తీసుకోవడం సాధ్యమవుతుంది.